అచ్చుకు పోని రాతలు: ఎందుకు రాస్తున్నాం, రాస్తే ఏం తెలిసింది?

చంద్రగిరి_వాసి
నేను తిరుపతిలో లెక్కలు చూసే ఉద్యోగిని. రాత్రి భోజనమయ్యాక నోటుపుస్తకంలో ఏదో ఒకటి రాసుకోవడం చాలా కాలంగా అలవాటు. అది కథ కాదు, కవిత్వం కాదు, పూర్తిగా దినచర్య కూడా కాదు. ఆ రోజు మనసులో నిలిచిన సంగతి ఏదైతే అది. మొన్న మా బావమరిది అలమరలోని దొంతరను చూసి, "ఇవన్నీ ఎవరు చదవాలని రాస్తున్నావు బావా?" అని అడిగాడు. ఎగతాళికి అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అందుకే సమాధానం తోచకపోవడం నన్ను ఇబ్బంది పెట్టింది. పత్రికకు పంపే ఉద్దేశం లేదు, పేరు మీద ఆశ లేదు. మరి ఎందుకు రాస్తున్నట్టు? రాసుకునే అలవాటున్నవారు తమ తమ కారణాలను, రాయడం వల్ల మాత్రమే తెలిసిన సంగతి ఏదైనా ఉంటే దానిని చెప్పాలని కోరుతున్నాను. "మనశ్శాంతి కోసం" అని ఒక్క మాటతో ముగించవద్దని ముందే మనవి.

స్వర్ణముఖి_ఒడ్డు
ఎక్కువమంది చెప్పబోయే సమాధానాన్ని మీరు ముందే నిషేధించారు. మనశ్శాంతి కోసమే రాసేవారు ఇక ఏ మాట చెప్పుకోవాలి?

చంద్రగిరి_వాసి
చెప్పుకోవచ్చు. ఆ శాంతి ఎలా వస్తుందో కూడా చెప్పాలన్నదే నా షరతు.

రాత్రి_డ్యూటీ
ఆ షరతుకు నేను లోబడి చెబుతాను. నేను ఆసుపత్రిలో నర్సును. డ్యూటీ మారేటప్పుడు తరువాతి వారికి అప్పగింత రాస్తాం: ఎవరికి ఎంత జ్వరం, ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చాం, ఏది గమనించాలి. అందులో మనం ఉండకూడదు, ఉండనవసరం లేదు కూడా. ఇంటికి వచ్చాక నా పుస్తకంలో రాసుకునేది ఆ అప్పగింతలో పట్టని భాగం. కొంతకాలం ప్రతి పేజీలోనూ "అలసటగా ఉంది" అనే వాక్యమే కనిపించేది. తరువాత జరిగినవి జరిగిన వరుసలో రాయడం మొదలుపెట్టాక, నేను అలసట అంటున్నది ఒకటి కాదని, రెండని తెలిసింది. ఒకటి నిద్ర చాలకపోవడం, అది పడుకుంటే తీరుతుంది. రెండోది కిటికీ పక్క మంచంలో చాలా రోజులు ఉండి చనిపోయిన ఒక పెద్దావిడ గురించిన దుఃఖం. అది ఎంత పడుకున్నా తీరలేదు, దాని పేరు రాసిన తరువాతే కాస్త సర్దుకుంది.

దీని మీద పరిశోధన కూడా ఉంది. జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు 1986లో ప్రచురించిన అధ్యయనంలో, కళాశాల విద్యార్థుల చేత వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. తమ జీవితంలోని బాధాకరమైన ఘటనను, దానితోపాటు తమకు కలిగిన భావాన్ని కూడా రాసినవారు తరువాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్ళారు. అయితే రాసిన వెంటనే వారి మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. అందువల్ల రాస్తే వెంటనే ప్రశాంతంగా ఉంటుందని ఎవరైనా అంటే నేను కొంచెం అనుమానిస్తాను.

పాకాల_జంక్షన్
నా పుస్తకం మా ఆవిడ చదివితే ఆరోగ్య కేంద్రానికి నేను ఎక్కువసార్లు వెళ్ళవలసి వస్తుంది. పరిశోధకులు ఆ కోణాన్ని విడిచిపెట్టినట్టున్నారు.

అలిపిరి_మెట్లు
తిరుపతిలో ఉంటూ ఈ ప్రశ్న అడగడమే వింతగా ఉంది. రోజుకొక సంకీర్తన తక్కువ కాకుండా చెప్పిన తాళ్ళపాక అన్నమాచార్యులు మన కొండ మీదివారే కదా. ఆ కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరిచారు. ఆ తరువాత శతాబ్దాల పాటు వాటి సంగతి ఎవరికీ పట్టలేదు. 1922లో అవి వెలుగులోకి వచ్చాయి, రెండు వేలకు పైగా రేకులు. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు కూర్చుని వాటిని పరిష్కరించారు. నాలుగు వందల ఏళ్ళు పాఠకుడు లేకపోయినా ఆ రాతకు ఏమీ కాలేదు. చంద్రగిరిగారూ, మీరు రోజూ రాయండి, చదివేవాడు ఎప్పుడో వస్తాడు.

పలమనేరు_పంతులు
మెట్లుగారి భక్తితో నాకు పేచీ లేదు, ఆ ఉదాహరణతోనే పేచీ. అన్నమాచార్యులు అలమరలో దాచుకోవడానికి రాయలేదు. ఆ కీర్తనలు స్వామి ముందు పాడినవి, వినేవాడు ఎదురుగానే ఉన్నాడు. రాగి మీద చెక్కించడం కూడా అందరికీ అయ్యే పని కాదు. కుమారుడు పెద తిరుమలాచార్యులకు శ్రద్ధ ఉంది, స్తోమత ఉంది. అంత చేసినా, చెప్పినవి 32 వేలని వంశీకులు రాసుకున్న వాటిలో సగం కూడా మనకు దొరకలేదు. ఆ రేకులు రుజువు చేసేది ఏమైనా ఉంటే అది వినేవాడి అవసరాన్నే.

నేను చెప్పదలచిన మనిషి వేరు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా, అంటే ఒక భాషలోని మాటను ఇంకొక భాషలో చెప్పే ఉద్యోగిగా, పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి, తొలి మజిలీలలోనే పుత్తూరు మీదుగా మన తిరుపతికి వచ్చాడు. 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరేవరకు దారిలో చూసినదంతా రాస్తూ, కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె అనే స్నేహితుడికి పంపుతూ వచ్చాడు. ఏ ఊళ్ళో సత్రం ఉంది, ఎక్కడ సామాను దొరుకుతుంది, ఏ బాట ఇసుక, ఏ బాట రాయి, నీళ్ళు ఎలా ఉన్నాయి అన్నీ అందులో ఉంటాయి. తనకోసమే రాసుకునేవాడైతే బాట ఇసుకగా ఉందని ఎందుకు రాస్తాడు? కాళ్ళకు తెలిసిన సంగతే కదా. ఆ దారిన ఎప్పుడూ నడవని ఒక స్నేహితుడు మనసులో ఉన్నాడు కాబట్టి, తనకు మామూలుగా తోచినది కూడా చెప్పదగినదిగా కనబడింది.

నేను బడిలో పిల్లలకు ఇదే చేయిస్తాను. "మన చెరువు గురించి రాయండి" అంటే "చెరువు మనకు ఎంతో ఉపయోగకరమైనది" అని అందరూ ఒకే వ్యాసం ఇస్తారు. "చెరువును ఎప్పుడూ చూడని మీ మద్రాసు మేనత్త కొడుక్కి రాయండి" అంటే తూము పక్కన జారే రాయి, ఎండాకాలంలో బయటపడే పాత మెట్లు, ఎవరి ఎనుము ఎక్కడ దిగుతుందో, అన్నీ వస్తాయి. పిల్లలు మారలేదు, చెరువూ మారలేదు, చదివేవాడు మాత్రమే మారాడు.

తోతాపురి
పంతులుగారి మాట చాలావరకు నిజమే కావచ్చు గానీ, నా పుస్తకాన్ని చదివేవాడు లేడు, అయినా అది పనికొచ్చింది. దామలచెరువు దగ్గర మాకు మామిడి తోట ఉంది. పూత ఎప్పుడు మొదలైంది, తేనెమంచు పురుగు ఎప్పుడు కనబడింది, ఏ మందు కొట్టాం, వాన ఎప్పుడు పడింది, మండీలో ధర ఎంత అనేవి రాసుకోవడానికి మొదలుపెట్టాను. అందులో గొప్పేమీ లేదు, మా నాయన కూడా క్యాలెండరు మీద రాసేవాడు.

నేను అదనంగా చేర్చింది ఒకటే. ఏదైనా నిర్ణయం తీసుకున్న రోజున, ఎందుకు తీసుకున్నానో కూడా ఒక వాక్యం రాస్తాను. కాయను గుజ్జు ఫ్యాక్టరీకి తోలుదామా, ఇంకొన్ని రోజులు చెట్టు మీద ఉంచుదామా అనేది జూన్ నెలలో మాకు ప్రతి ఏడూ ఉండే ప్రశ్న. కోసిన రోజు "గాలివాన భయం" అని రాసి ఉంటుంది. దీపావళి నాటికి నన్ను ఎవరైనా అడిగితే, "ధర పడిపోతుందని ముందే తెలిసి కోసేశాను" అని నా నోటితో నేనే చెబుతుంటాను. అబద్ధమాడాలని కాదు, నాకు నిజంగా అలాగే గుర్తుంటుంది. ఫలితం తెలిశాక మనసు దానికి తగిన కారణాన్ని తయారుచేసి పాత దాని స్థానంలో పెడుతుందని పుస్తకం చూస్తే తప్ప తెలియలేదు. ఊళ్ళో అరుగుల మీద జరిగే వాదనలలో సగం ఇలా తరువాత తయారైన కారణాలతోనే జరుగుతున్నాయని నా అనుమానం.

కుప్పం_టు_బెంగళూరు
తోతాపురి అన్న చెప్పినదానిని మా సాఫ్ట్‌వేర్ కంపెనీలలో పద్ధతిగా చేయమంటారు, ఎవరూ చేయరు. ఒక సందేహం: మీరందరూ కాగితం మీదే రాస్తున్నారా? నేను ఫోనులో టైపు చేస్తాను. చేత్తో రాసుకున్న విద్యార్థులు విషయాన్ని బాగా గ్రహించారని 2014లో ఒక అమెరికా అధ్యయనం వచ్చింది, ల్యాప్‌టాప్ వాళ్ళు విన్నది విన్నట్టు ఎక్కించుకుంటూ పోవడమే కారణమని అన్నారు. తరువాత మళ్ళీ చేసి చూసినవారికి అంత స్పష్టమైన తేడా కనబడలేదు.

పాకాల_జంక్షన్
ఫోనులో రాస్తే బ్యాటరీ అయిపోయినప్పుడైనా ఆగుతాం. కాగితానికి ఆ సౌకర్యం లేదు.

చంద్రగిరి_వాసి
పంతులుగారికి ఒక ప్రశ్న. ఒక మనిషిని ఎదుట పెట్టుకుని రాసినప్పుడు, ఆ మనిషికి నచ్చేటట్టు రాయాలనే కోరిక కూడా వస్తుంది కదా. మా చెల్లెలికి ఉత్తరం రాసేటప్పుడు ఇంట్లోని సగం సంగతులు వదిలేసేవాడిని. నా పుస్తకంలో ఆ బాధ లేదు. వివరం పెరుగుతుందని మీరంటున్నారు, నిజం తగ్గుతుందేమోనని నా అనుమానం.

పలమనేరు_పంతులు
ఆ ప్రమాదం ఉంది, కాదనను. మన దగ్గర ఏదీ దాచనవసరం లేని మనిషిని ఎంచుకోవాలి. అలాంటివారు బతికే ఉండాలన్న నియమం కూడా లేదు.

గీతల_పుస్తకం
మాది పుత్తూరు. నేను రాస్తానని ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలియనవసరం లేదని అనుకుంటున్నాను. ఉమ్మడి కుటుంబంలో మాట మొదలుపెట్టడం సులువు, ముగించడం కష్టం. మధ్యలో ఎవరో ఒకరు అందుకుంటారు. నా వాక్యం చివరి వరకు నడిచే చోటు ఆ పుస్తకమొక్కటే. నేను రాయడానికి కారణం అంతకంటే పెద్దది కాదు.

రాయడం వల్ల తెలిసిన సంగతి మాత్రం చెబుతాను. ఇంట్లో గొడవ జరిగిన రోజున దానిని సంభాషణగా రాసుకునేదాన్ని. చాలా కాలం తరువాత పాత పేజీలు తిరగేస్తే అత్తగారి మాటలు, ఆడపడుచు మాటలు, మా ఆయన మాటలు అన్నీ పూర్తిగా ఉన్నాయి. వారి గొంతు, విరుపు కూడా ఉన్నాయి. నా మాట ఒక్కటీ లేదు. నా పుస్తకంలో, నా చేతిరాతలో, నేను మూగదానిలా ఉన్నాను. ఆ తరువాత ప్రతి గొడవ కిందా, నేను చెప్పాలనుకుని చెప్పని మాటను కూడా రాయడం మొదలుపెట్టాను. మొదట్లో అవి తిట్లుగా వచ్చాయి. క్రమంగా చిన్నవై, చెప్పగలిగే మాటలయ్యాయి. కొన్నింటిని ఆ తరువాత నిజంగానే చెప్పాను, ఆకాశమేమీ విరిగిపడలేదు.

మెట్లుగారు అన్నమాచార్యులను తలచుకున్నారు కనుక నేను తరిగొండ వెంగమాంబను తలచుకుంటాను. చిన్నతనంలోనే భర్తను కోల్పోయిన స్త్రీ, లోకం చెప్పినట్టు నడవనందుకు ఎన్నో మాటలు పడి, ఊరు విడిచి తిరుమల చేరి, 1817లో కన్నుమూసే నాటికి ద్విపదలు, యక్షగానాలు, వేంకటాచల మాహాత్మ్యం రాసింది. కొండ మీద ఆమె పేరున్న అన్నప్రసాద భవనంలో రోజూ వేలమంది భోజనం చేస్తున్నారు, ఆమె పద్యం ఒక్కటైనా చదివినవారు వారిలో ఎందరు? చదివేవాడు వస్తాడన్న నమ్మకం మీద రాయమని నేను ఎవరికీ చెప్పను.

పాకాల_జంక్షన్
మా ఇంట్లో ఈ సమస్య తిరగబడి ఉంది. పుస్తకంలో అన్నీ నా మాటలే, ఇంట్లో ఒక్కటీ ఉండదు.

అలిపిరి_మెట్లు
గీతల పుస్తకం అమ్మా, మీరు చెప్పినది ఒప్పుకోక తప్పడం లేదు. అయినా ఆమె పద్యాలు నిలిచే ఉన్నాయి కదా, ఈ రోజున మీరు తలచుకున్నారు.

కలం_పని
మాది శ్రీకాళహస్తి, కలంకారీ మా వృత్తి. నాన్నగారి దగ్గర నేర్చుకున్నది ఏదీ కాగితం మీద లేదు. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెట్టడం, తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో ఊరబెట్టి కసిమి అనే నల్లరంగు తీయడం, ఎరుపు కోసం పటిక పూయడం అన్నీ చేతిని చూసి చెయ్యి నేర్చినవి. మర్చిపోకుండా ఉండాలని ఒకసారి రాయబోయాను, రెండో వాక్యం దగ్గరే కలం ఆగిపోయింది. "కరక్కాయ పొడి పిడికెడు" అని రాశాను. ఎవరి పిడికెడు? నాన్నగారి చెయ్యి నా చెయ్యి కంటే పెద్దది. "కసిమి పులిసే దాకా" అని రాశాను. పులిసిందని ఎలా తెలుస్తుంది? వాసనా, రంగా, పైన కట్టే నురగా? ఇన్నేళ్ళు పని చేస్తూ కూడా ఆ ప్రశ్నలు నాకు రాలేదు, ఎందుకంటే పనికి వాటి అవసరం రాలేదు. రాతకు వచ్చింది. నాన్నగారు ఇంకా ఉన్నారు కనుక వెళ్ళి అడిగాను. ఆయనకూ కొన్నింటికి వెంటనే సమాధానం తోచలేదు, చేసి చూపించి, నేను తూచి రాసుకోవలసి వచ్చింది.

ఇంకొక మాట. మేము మొదట చింతపుల్లల బొగ్గుతో గీస్తాం, నచ్చకపోతే దులిపేస్తే పోతుంది. కసిమితో గీత పడ్డాక అది గుడ్డను వదలదు. ఇక్కడ కొందరు తమ నోటుపుస్తకాన్ని కసిమి గీతలా భయంగా చూస్తున్నారని నాకు అనిపిస్తోంది. అది బొగ్గే అనుకుంటే చెయ్యి ఇంకాస్త ధైర్యంగా కదులుతుంది.

కుప్పం_టు_బెంగళూరు
"ఎవరి పిడికెడు" అన్న ప్రశ్నకు నా చప్పట్లు. మా అమ్మ వంట గురించి ఫోనులో అడిగి రాసుకునేటప్పుడు నాకూ ఇదే అనుభవం. ప్రతి వాక్యం చివరా "సరిపడా" అని ఉంటుంది.

తిరుగుటపా
ఒక్క పక్షం మాట ఎవరూ చెప్పలేదు కనుక చెబుతున్నాను. నేను కథలు వారపత్రికలకు పంపేవాడిని. తిప్పిపంపడానికి స్టాంపులు అంటించిన కవరు కూడా మనమే జతచేయవలసిన కాలం అది. ఆ కవరు ఇంటికి వచ్చిందంటే లోపల ఏముందో విప్పకుండానే తెలిసేది. ఆ బాధ ఎలా ఉన్నా, తిరిగొచ్చిన కథను కొత్తవాడిలా చదివేవాడిని, ఎక్కడ విసుగు పుడుతుందో అప్పుడు తెలిసేది. మీ పుస్తకాలకు ఆ విసుగు తెలిసే మార్గం లేదు. దామలచెరువులో బడిపంతులుగా ఉంటూనే రాసి, 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న మధురాంతకం రాజారాం మన జిల్లావారే. ఆయన కథలు అలమరలోనే ఉండిపోయి ఉంటే నష్టం ఎవరిది?

తోతాపురి
నష్టం మాది. అయితే నా పురుగుమందుల పుస్తకానికి పురస్కారం వస్తుందని మాత్రం ఆశ పెట్టకండి.

అర్జీల_అన్న
నేను చిత్తూరు కలెక్టరేటు దగ్గర అర్జీలు రాసేవాడిని. ఇక్కడ అందరూ తమ బాధను తాము రాసుకుంటున్నారు, నేను ఇతరుల బాధను డబ్బు తీసుకుని రాస్తాను. అందుకని నా మాట కొంచెం వేరుగా ఉంటుంది.

సోమవారం అర్జీలు తీసుకునే రోజు. పొద్దున్నే గంగాధరనెల్లూరు నుంచో, పుంగనూరు నుంచో బస్సు దిగి మనిషి వస్తాడు. తాత కాలం నుంచి మొదలుపెడతాడు: పంపకం ఎలా జరిగింది, అన్న ఏమన్నాడు, వదిన ఏమన్నది, గట్టు మీద చింతచెట్టు ఎవరు నాటారు. నేను వింటాను, కానీ కాగితానికి ఒక పక్క మాత్రమే ఉంది. పేరు, ఊరు, సర్వే నంబరు, ఎప్పటి నుంచి, ఎవరి వల్ల, ఇప్పుడు ఏం కోరుతున్నారు. చివరిదే కష్టం. "మీకు ఏం కావాలి?" అని అడిగితే చాలామంది మళ్ళీ తాత దగ్గరికి వెళతారు. దారి కావాలా, కొలత కావాలా, పాసుపుస్తకంలో పేరు సరిచేయాలా, లేక అన్న వచ్చి ఒక మాట మాట్లాడాలా? ఆఖరిదైతే కలెక్టరుగారు చేయగలిగింది లేదు.

రాసినదాన్ని నేను తప్పకుండా పైకి చదివి వినిపిస్తాను. విన్నాక కొందరు ఏడుస్తారు. కొందరు "ఇంతేనా?" అంటారు, ఇన్నేళ్ళ గొడవ అర పేజీలో ఇమిడిపోయిందని వారికి నమ్మబుద్ధి కాదు. ఒకరిద్దరు విని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అర్జీ ఇవ్వకుండానే ఊరికి వెళ్ళిపోయారు. వాళ్ళ దగ్గర నేను డబ్బు తీసుకోలేదు. తీసుకున్నా తప్పు లేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

అందువల్ల నా సలహా రెండు ముక్కలు. మీరు రాసినదాన్ని గొంతెత్తి చదవండి, మీకే వినబడేటట్టు. కింద "కోరిక" అని రాసి ఒక వాక్యం నింపడానికి ప్రయత్నించండి. తమకోసం తాము రాసుకునేవారు ఎంతకాలం రాసినా ఆ ఒక్క వాక్యం దగ్గరికి రారని నా అభిప్రాయం.

రాత్రి_డ్యూటీ
అన్నా, అన్నింటికీ కోరిక ఉండదు. ఆ పెద్దావిడ గురించి నేను రాసిన పేజీ కింద ఏమని నింపాలి? ఆమె బతకాలని రాస్తే అర్జీ ఎవరికి ఇవ్వాలి? కొన్ని కేవలం జరిగినట్టుగా నమోదు కావాలి, అంతే.

అర్జీల_అన్న
ఒప్పుకుంటానమ్మా. నా కాగితాల మీద అలాంటివి రావు, వచ్చినా నాకు రాయడం చేతకాదు.

స్వర్ణముఖి_ఒడ్డు
ఇప్పటిదాకా చెప్పినవారిలో ఒక్కరూ శాంతి కోసం మొదలుపెట్టలేదు, కానీ ఒకరిద్దరికి అది పక్కదారిన వచ్చింది. నా పేజీలన్నీ "ఈ రోజు బాగుంది" అనే తరహాలో ఉన్నాయి. నర్సమ్మగారి మాట విన్నాక, వాటిలో జరిగిన వరుస ఎక్కడా లేదని గమనించాను. అయినా నాకు ఆ పేజీలంటే ఇష్టమే, ఎవరూ వాటిని సంస్కరించనవసరం లేదు.

చంద్రగిరి_వాసి
అర్జీల అన్న చెప్పినట్టు నిన్న కొన్ని పేజీలు పైకి చదివాను. తలుపు వేసుకునే చదివాను లెండి. కంటితో చదివినప్పుడు బాగున్న వాక్యాలు కొన్ని గొంతులో ఇరుక్కున్నాయి. అవి నాకు తెలిసినవి కాక, ఎక్కడో విన్నవి. లెక్కల మనిషిని కనుక నాకు ఇది ఆడిటులా పనిచేసింది. "కోరిక" దగ్గర మాత్రం రెండు పేజీలకు సమాధానం వచ్చింది, మిగిలినవి నర్సమ్మగారి పక్షాన ఉన్నాయి. ఇప్పుడు ఇంకొక ప్రశ్న. ఈ పుస్తకాలను తరువాత ఏం చేయాలనుకుంటున్నారు? దాచాలా, ఎవరికైనా ఇవ్వాలా, కాల్చాలా?

తోతాపురి
నాది మా అబ్బాయికి. తోట వాడు చూసుకుంటే పుస్తకం పనికొస్తుంది, అమ్మేస్తే పుస్తకం కూడా కొన్నవాడికే ఇచ్చేయమన్నాను.

కలం_పని
కొలతలున్నవాటిని ఫోటోలు తీసి మా చిన్నాన్న పిల్లలకు కూడా పంపాను. వృత్తి రహస్యమని నాన్నగారు కొంచెం కోప్పడ్డారు గానీ, చేసేవాళ్ళే తగ్గిపోతున్నప్పుడు రహస్యం ఎవరి దగ్గర దాచాలి?

అర్జీల_అన్న
నకళ్ళు నేను ఉంచుకోను. వాటిలో ఇతరుల భూముల నంబర్లు, ఇళ్ళ గొడవలు ఉంటాయి. పని అయిపోయిందని తెలిశాక చింపేస్తాను.

గీతల_పుస్తకం
కాల్చాలనే అనుకున్నాను, ఈ మధ్య మనసు మార్చుకున్నాను. మా కోడలికి ఒక్కదానికే చెప్పాలని ఉంది. నేను పోయాక చదవాలనిపిస్తే చదువు, కానీ అందులోని మాటను ఇంట్లో ఏ వాదనలోనూ సాక్ష్యంగా చూపించకూడదు అనే షరతు మీద.

పాకాల_జంక్షన్
అలాంటి షరతును నిలబెట్టుకున్న కోడలిని నేను ఇంతవరకు చూడలేదు, అత్తనూ చూడలేదు.

అర్జీల_అన్న
అమ్మా, నోటిమాటగా వదలకండి. ఆ షరతును కాగితం మీద పెట్టి కోడలి చేత సంతకం చేయించుకోండి. సోమవారం తప్ప ఏ రోజు వచ్చినా నేను రాసిస్తాను, డబ్బులు వద్దు.